సూర్యయంత్ర నిర్మాత మూషో

ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు సూర్యుడు లోకమునకు వెలుగును, వేడిమిని పంచిపెట్టుచునే యుండును. ఆ ఎండలో మనవారు వడియములు పెట్టుదురు, ధాన్యము ఆరబోయుదురు, ఉప్పుమళ్లలో ఉప్పు పండింతురు. ఇందుకై ఎవరికిని ఒక దమ్మిడీయైనను చెల్లింప నక్కరలేదు. అయినను ఆ ఎండతోనే వంట వండుటకు, నీరు తోడుటకు, యంత్రములను నడపుటకు మానవుడు చిరకాలము తగిన ఉపాయము నెరుగకుండెను. అట్టి ఉపాయమును వెదకుటలో ఇరువది యేండ్లు గడపిన ధన్యుడు ఆగస్టిన్ మూషో. అతడు గొప్ప కర్మాగారములకు అధిపతి కాడు. ఫ్రాన్సుదేశమున పాఠశాలలలో గణితము బోధించి జీవించిన సామాన్యోపాధ్యాయుడు.

మూషో 1825వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన బర్గండీ సీమలోని సెమూర్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడు. ఆయన బిడ్డలలో మూషో కడగొట్టువాడు. యౌవనమున అతడు పల్లెబడులలో ఉపాధ్యాయుడుగా పనిచేయుచునే పై చదువులు సాగించెను. గణితమునందును, భౌతికశాస్త్రమునందును పట్టములు పొందెను. పిమ్మట ఆలాన్సోన్, రెన్, టూర్ పట్టణములలోని ఉన్నత పాఠశాలలలో గణితోపాధ్యాయుడుగా నుండెను. పగలు పాఠములు చెప్పుట, తీరిక దొరకినపుడెల్ల గ్రంథములు చదువుట, చేతనైన ప్రయోగములు చేయుట అతని నిత్యకృత్యములు.

ఆ కాలము బొగ్గుకు పట్టాభిషేకము జరిగిన కాలము. ఎచట చూచినను ఆవిరియంత్రములే. మగ్గములు, రైలుబండ్లు, ఓడలు, గనులలోని నీటిపంపులు అన్నియు బొగ్గును మండించియే నడచుచుండెను. ఫ్రాన్సున బొగ్గు ఇంగ్లండునందువలె సమృద్ధిగా లేదు, పరదేశములనుండి కొనవలసియుండెను. దేశములో ఎందరో ఎక్కువ బొగ్గు ఎచట దొరకునా యని ఆలోచించుచుండగా మూషో వేరొక ప్రశ్న వేసికొనెను. బొగ్గు భూగర్భమున ఏర్పడుటకు కోట్ల సంవత్సరములు పట్టినది. దానిని మండించుటకు నిమిషములు చాలును. ఒకసారి కాలిన బొగ్గు మరల రాదు. గనులు వట్టిపోయిననాడు ఈ యంత్రములు దేనితో నడచును? ఈ ప్రశ్న అతనిని నిదురపోనీయలేదు. దానికి సమాధానము తలపైననే ప్రకాశించుచున్నదని అతనికి తోచెను.

సూర్యుని వేడిమిని పట్టవలెనను తలంపు మూషోకు పూర్వమే కలదు. స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడైన సొస్యూర్ 1767లో గాజుపెట్టెలను ఒకదానిలో నొకటి అమర్చి ఎండలో నుంచెను. లోపలి పెట్టె మిక్కిలి వేడెక్కెను. ఎండ గాజుగుండ లోనికి ప్రవేశించును గాని, లోపల పుట్టిన వేడిమి అంత సులభముగా వెలుపలికి పోలేదు. తరువాత ఆయన చెక్కపెట్టెకు లోపల నలుపు పూసి, చుట్టును వేడి పోకుండ కాపుదల చేయగా, పెట్టెలోని ఉష్ణము నీరు మరగు ఉష్ణమును కూడ మించెను. ఇది ఒక త్రోవ. పుటాకారపు దర్పణములతో ఎండను ఒకచోటికి కూర్చుట రెండవ త్రోవ. దానిని ప్రాచీనులును ఎరుగుదురు.

1860లో మూషో ఈ రెండు త్రోవలను పరిశీలింప మొదలిడెను. రెంటియందును లోపము కలదని అతడు గ్రహించెను. గాజుపెట్టె వేడిమిని కాపాడును గాని, ఆవిరియంత్రము నడపుటకు చాలునంత వేడిని కూర్చలేదు. దర్పణము వేడిమిని కూర్చును గాని, కూర్చిన వేడిని గాలి ఎప్పటికప్పుడు హరించివేయును. ఆ నష్టమును పూరించుటకు దర్పణమును మరింత పెద్దదిగా చేయవలసివచ్చును. చిల్లుకుండను నింపుటకు పెద్ద బావిని త్రవ్వినట్లే యిది. ముందుగా చిల్లు పూడ్చినచో చిన్న బావియే చాలును గదా! మూషో ఆ విధముగనే చేసెను. నీటిపాత్రకు వెలుపల నలుపు పూసెను. నలుపు ఎండను ఎక్కువగా గ్రహించును. ఆ పాత్రపై గాజుగంటను బోర్లించెను. గాజు వేడిమిని పోనీయదు. దానిప్రక్క చిన్న దర్పణము నిలిపి, ఎండను పాత్రపైకి మరలించెను. కూర్చుట, కాపాడుట అను రెండు పనులు ఒకచోట కలిసెను. మూషో శాస్త్రమునకు చేసిన సేవ యంతయు ఈ ఒక్క సూత్రమునందు ఇమిడియున్నది.

ఇట్టి సాధనములతో అతడు నీరు కాచెను, మాంసము, కూరలు ఉడికించెను, రొట్టెలు కాల్చెను. కట్టె యొక్కటియు కాలలేదు. పొగ యొక్కింతయు లేవలేదు. 1861లో తన ఉపాయమునకు ప్రభుత్వమునుండి హక్కుపత్రము పొందెను. అయినను వంటపాత్రలతో అతనికి తృప్తి కలుగలేదు. ఎండతో ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో యంత్రమును త్రిప్పవలెనని అతని సంకల్పము. ఉపాధ్యాయుని స్వల్పమైన జీతముతో అది సులభసాధ్యము కాదు. అయినను వెనుదీయక పనిచేసి 1866 నాటికి తన సూర్యయంత్రమును సిద్ధపరచెను. దానిని నాటి ఫ్రెంచి చక్రవర్తియగు మూడవ నెపోలియను ఎదుట ప్రదర్శించెను. 1869లో సూర్యుని వేడిమిని గురించియు, పరిశ్రమలయందు దాని ఉపయోగమును గురించియు ఒక గ్రంథము ప్రకటించెను. సౌరశక్తిని గూర్చిన తొలి గ్రంథములలో నది ప్రసిద్ధమైనది.

అంతలో విపత్తు వచ్చెను. 1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. చక్రవర్తి ఓడిపోయి బందీయయ్యెను. పారిసు నగరమును శత్రువులు ముట్టడించిరి. ఆ గందరగోళములో మూషో నిర్మించిన యంత్రము కానరాకుండ పోయెను. ఏండ్ల తరబడి చేసిన శ్రమఫలము ఇట్లు మాయమైనచో సామాన్యుడు నిరాశ చెంది ఊరకుండును. మూషో మాత్రము యుద్ధము ముగియగనే మరల మొదటినుండి పని ప్రారంభించెను.

ఈ మారు అతడు నిర్మించిన యంత్రము మునుపటి దానికంటె పెద్దది. 1875 నాటికి టూర్ పట్టణమున ప్రజలు దానిని కన్నులార చూడగలిగిరి. దాని దర్పణము మీదికి తెరచియున్న పెద్ద గరాటువలె నుండెను. పైయంచున దాని వ్యాసము 2.6 మీటర్లు. లోపలివైపు వెండిపూత మెరయుచుండెను. గరాటు నడుమ, నలుపు పూసిన రాగిపాత్రయొకటి నిలువుగా నుండెను. దానిని గాజుగొట్టము కప్పియుండెను. దర్పణముపై పడిన ఎండ యంతయు ఆ పాత్రపైకే మరలుచుండెను. సూర్యుడు ఆకాశమున గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగును గనుక, దర్పణమును గూడ అదే వేగమున త్రిప్పుటకు పళ్లచక్రములు అమర్చబడెను.

మే నెల 8వ తేదీ. ఆకాశము నిర్మలముగా నుండెను. ఉదయము ఎనిమిదిన్నర గంటలకు ఆ పాత్రలో 20 లీటర్ల నీరు పోసిరి. నలువది నిమిషములలో ఆ నీటి ఉష్ణము 121 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరెను. ఆవిరి పీడనము వాతావరణ పీడనమునకు రెండింతలయ్యెను. కొంతసేపటికి అది ఐదింతలకు పెరిగెను. ఆ ఆవిరితో చిన్నయంత్రము చకచక తిరిగెను. పొయ్యి లేదు, బొగ్గు లేదు, పొగగొట్టము లేదు. ఒక పాఠశాల గణితోపాధ్యాయుడు సూర్యుని చేత పని చేయించుచున్నాడు! చూచినవారి ఆశ్చర్యమునకు మేర లేకపోయెను.

అయినను ఫ్రాన్సున మబ్బుదినములు ఎక్కువ. ఎండ మెండుగను, బొగ్గు అరుదుగను ఉండు దేశమే ఇట్టి యంత్రములకు తగినదని మూషో తలచెను. ఆఫ్రికాఖండమునందలి ఆల్జీరియా అప్పుడు ఫ్రెంచివారి పాలనలో నుండెను. అచట ఎండకు కొదువలేదు. 1877లో ప్రభుత్వము అతనికి ధనసహాయము చేసి ఆ దేశమునకు పంపెను. అచట అతడు సూర్యపాకపాత్రలను, ఉప్పునీటిని మంచినీటిగా మార్చు సాధనములను, నీరు తోడు యంత్రములను పరీక్షించెను. ఎడారి సీమలలో వంటచెరకును మోసికొని పోనక్కరలేకుండ సైనికులు ఎండతోనే వంట చేసికొనగలరని అతడు నిరూపింప గోరెను.

1878లో పారిసు నగరమున గొప్ప ప్రపంచ ప్రదర్శనము జరిగెను. మూషో తన సహాయకుడగు ఆబెల్ పిఫ్ర్ అను ఇంజనీరుతో కలిసి అందొక మహాయంత్రమును నెలకొల్పెను. దాని దర్పణ వైశాల్యము సుమారు 20 చదరపు మీటర్లు. చుట్టును చిన్న చిన్న పాకపాత్రలు కూడ ఉంచబడెను. ఒకదానిలో అరకిలో మాంసము 22 నిమిషములలో కాలి సిద్ధమయ్యెను. సెప్టెంబరు నెలలో అతడు అందరిని మరింత అబ్బురపరచు పని యొకటి చేసెను. ఎండతో మంచుగడ్డను తయారుచేసెను!

ఎండతో మంచు పుట్టుట ఇంద్రజాలమువలె తోచును గాని, దాని రహస్యము సులభమైనదే. వేసవిలో మంచినీటి కుండకు తడిగుడ్డ చుట్టుదుము గదా! ఆ గుడ్డలోని నీరు ఆవిరియగుచు కుండలోని వేడిని తీసికొనిపోవును. కారే అను ఫ్రెంచి ఇంజనీరు నిర్మించిన మంచుయంత్రములోను ఇట్టి పనియే జరుగును. అందు నీటిలో కరగియున్న వాయువును వేడిచే వెలికి దీసి, ద్రవముగా మార్చి, మరల ఆవిరి కానిత్తురు. అది ఆవిరియగునపుడు చుట్టునున్న నీటి వేడిని హరింపగా ఆ నీరు గడ్డకట్టును. ఆ యంత్రమునకు కావలసిన వేడిని మూషో సూర్యునినుండి యిచ్చెను. నేడు ఇండ్లలో ఫ్రిజ్జు చేయు పనిని ఆనాడే ఎండచేత చేయించెనన్నమాట. ప్రదర్శనాధికారులు అతనికి బంగారుపతకము బహూకరించిరి.

ఆ పతకముతో మూషో కీర్తి శిఖరమున నిలిచెను. ఆ శిఖరమునుండియే దిగుదారి మొదలయ్యెను. ఇంగ్లండుతో 1860లో జరిగిన వర్తకపు ఒడంబడిక వలన ఆ దేశపు బొగ్గు ఫ్రాన్సునకు చౌకగా రాజొచ్చెను. రైలుమార్గములు పెరిగినకొలది బొగ్గు దేశమున మూలమూలలకు చేరెను. మూషో యంత్రమున కైతే ఖరీదైన వెండిపూత దర్పణము కావలెను. ఆ పూత గాలికి నల్లబడును. మాటిమాటికి మెరుగు పెట్టవలెను. మబ్బు క్రమ్మినచో యంత్రము నిలిచిపోవును. రాత్రి సరేసరి. ప్రభుత్వము ఈ యంత్రములను మోంపెలియేలోను, ఆల్జీరియాలోని కాన్‌స్టంటైన్ నగరమునందును పరీక్షింప పరిశోధకులను నియమించెను. యంత్రము నడచుననుటకు సందేహము లేదు గాని, దానిపై పెట్టిన వ్యయము గిట్టదని తేలెను. ప్రభుత్వసహాయము నిలిచిపోయెను.

ఆ లెక్క ఆనాటి ధరలను బట్టి తప్పు కాదు. గణితోపాధ్యాయుడైన మూషోకు ఆ సంగతి తెలియనిది కాదు. కాని ఆ లెక్కలో రెండు పద్దులు వ్రాయబడలేదు. బొగ్గు తరిగిపోవుట యొకటి. దాని పొగచే గాలి చెడిపోవుట రెండవది. ఆ రెండు పద్దులను లోకము వ్రాసికొనుటకు ఇంకను నూరేండ్లు పట్టెను.

పిఫ్ర్ మాత్రము మరికొంతకాలము పాటుపడెను. 1882 ఆగస్టు 6వ తేదీన పారిసులోని తువిలరీ ఉద్యానమున అతడు మూడున్నర మీటర్ల దర్పణముతో ఆవిరి పుట్టించి ఒక అచ్చుయంత్రమును నడపెను. ఆనాడు ఆకాశము మబ్బుపట్టియున్నను గంటకు 500 ప్రతుల చొప్పున పత్రిక అచ్చుపడెను. సూర్యునిచే అచ్చొత్తబడిన ఆ పత్రిక పేరు కూడ సూర్యపత్రికయే.

మూషో యంత్రనిర్మాణమును విడిచి, తనకు చిన్ననాటినుండి ప్రియమైన గణితమునకే మరలెను. జ్యామితిని గూర్చి గ్రంథములు రచించి పండిత పరిషత్తుచే బహుమానములు పొందెను. కాని కడపటి దినములలో పేదరికము అతనిని వదలలేదు. ఒకనాడు ప్రపంచ ప్రదర్శనమున బంగారుపతకము నందుకొన్న ఆ వృద్ధుడు 1912లో పారిసు నగరమున ఎవరికిని పట్టనివాడై కన్నుమూసెను.

మంచి విత్తనము నేలపడినచోటనే మొలకెత్తవలెనను నియమము లేదు. మూషో కీర్తి మిక్కుటముగా నున్న 1878లోనే విలియం ఆడమ్స్ అను ఆంగ్లోద్యోగి మన బొంబాయి నగరమున అట్టి ప్రయోగములు చేసెను. ఖరీదైన వెండిపూత లోహమునకు బదులు అతడు సామాన్యమైన అద్దపు పలకలను ఎనిమిది మూలలుగా అమర్చి పాకపాత్ర చేసెను. జనవరి నెలలోనే ఏడుగురు సైనికులకు సరిపడు భోజనము అందు రెండు గంటలలో ఉడికెను. తరువాత 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికానుతో చేసిన ఫలకములను లోకమునకు చూపిరి. అవి ఎండను వేడిగా మార్చవు. నేరుగా విద్యుత్తుగా మార్చును. 2002లో తిరుమల కొండపై దర్పణములు నిలిపి, ఎండతో ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో దినమునకు 15,000 మంది భక్తులకు అన్నప్రసాదము వండు ఏర్పాటు నెలకొల్పబడెను. టూర్ పట్టణమున ఆవిరిని పుట్టించిన సూత్రమే ఏడుకొండలమీద అన్నము వండెను. 2024 ఫిబ్రవరిలో భారతప్రభుత్వము కోటి యిండ్ల కప్పులపై సౌరఫలకములు నిలుపుటకు సూర్యఘర్ పథకమును ఆరంభించెను.

అయితే సౌరఫలకములు కొన్నంతమాత్రమున మూషో పాఠమును నేర్చినట్లు కాదు. ముందు నష్టమును అరికట్టుము, పిదప శక్తిని కూర్చుము అనునది ఆ పాఠము. ఒక కిలోవాటు సౌరఫలకము మన ప్రాంతమున ఎండగల దినమున సుమారు నాలుగు యూనిట్ల విద్యుత్తు నిచ్చును. పాతరకపు పంకా యొకటి సుమారు 75 వాట్లు తీసికొనును. అట్టి పంకాలు ఐదు పండ్రెండు గంటలు తిరిగినచో నాలుగున్నర యూనిట్లు వ్యయమగును. ఇంటిపై పుట్టిన విద్యుత్తంతయు గాలికే చాలదు. దీపమునకు, ఫ్రిజ్జునకు ఏమియు మిగులదు. ఆ పంకాలకు బదులు 30 వాట్లతో తిరుగు క్రొత్తరకపు పంకాలు పెట్టినచో రెండు యూనిట్లలోపే సరిపోవును. అట్లే 60 వాట్ల తీగబల్బు ఇచ్చు వెలుగును ఎల్.ఇ.డి. దీపము 9 వాట్లతోనే ఇయ్యగలదు. ఫ్రిజ్జు తలుపు ఊరక తెరచియుంచకుండుట, ఎవరును లేని గదిలో పంకాను ఆపుట, గిన్నెపై మూత పెట్టి వండుట — ఇవన్నియు ఖర్చులేని పనులు. మూషో రాగిపాత్రపై గాజుగంట ఎట్టిదో మన ఇంట ఈ పొదుపు అట్టిది. అది యున్నచో చిన్న ఫలకమే చాలును; లేనిచో ఎంత పెద్ద ఫలకమైనను చాలదు.

మూషో తన ఫలమును తాను అనుభవింపలేదు. అతనికి ధనము మిగులలేదు; బ్రతికియుండగా అతని స్వప్నమును లోకము స్వీకరింపలేదు. అయినను తరువాతి తరములవారికి బొగ్గు మిగులదని తలచి, తనకు లాభము లేకున్నను వారికొరకు ఆలోచించిన వాడతడు. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలందురు. ఆ మాటను ఒక దేశమునకు, ఒక యుగమునకు అన్వయించి చెప్పినవాడు ఈ ఫ్రెంచి ఉపాధ్యాయుడు. నేడు ఎండలో తళతళలాడు ప్రతి సౌరఫలకమును చూచినపుడు, దాని వెనుక నిలిచిన ఆ పేద గణితోపాధ్యాయుని స్మరించుట మన విధి. అవసరము లేని దీపము నొకదాని నార్పుట అతనికి మనము చేయగల నిజమైన గౌరవము.